అకార్బోజ్ కంటే 60 రెట్లు మేలని రాయొచ్చా?

ప్రశ్న, కుదించి: హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ పీహెచ్‌డీ రెండో ఏడు చదువుతున్నాను. కూమరిన్ అనే వలయానికి ట్రయజోల్ అనే నైట్రోజన్ వలయం వచ్చేలా, కాపర్‌తో రెండు ముక్కలను అతికించే క్లిక్ రియాక్షన్‌తో 14 కాంపౌండ్లు చేశాను. చక్కెర గొలుసుల్ని గ్లూకోజ్‌గా విరగ్గొట్టే ఆల్ఫా గ్లూకోసిడేజ్ ఎంజైముని ఇవి ఎంత ఆపుతాయో బయట ల్యాబ్‌లో టెస్టు చేయించాం. అన్నిటికన్నా మంచి కాంపౌండ్‌కి ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే మోతాదు) 12 మైక్రోమోలార్ వచ్చింది, ఇదే ఎంజైముని ఆపే షుగర్ మందు అకార్బోజ్‌కి 720. డాకింగ్‌లో (ఎంజైములో ఎలా ఒదుగుతుందో చూసే కంప్యూటర్ అంచనా) అది యాక్టివ్ సైట్‌లో, అంటే ఎంజైమ్ పని జరిగే గుంటలో కూర్చుంది, స్కోరు మైనస్ 9.8. ఎంజైమ్ వేగాలతో గీసే లైన్‌వీవర్-బర్క్ గ్రాఫ్ చూస్తే నాన్ కాంపిటిటివ్ అని, అంటే సబ్‌స్ట్రేట్‌తో (ఎంజైమ్ విరగ్గొట్టే పదార్థంతో) చోటు కోసం పోటీ పడదని తేలింది. "అకార్బోజ్ కంటే 60 రెట్లు మేలు" అని పేపర్లో రాద్దామని గైడ్ సార్ అంటున్నారు. ఇది నిజంగా షుగర్ మందు వైపు వెళ్తుందా? ఎంజైమ్ గురించి నాకు తెలిసింది తక్కువ. తర్వాత ఏం సింథసైజ్ చేయాలి? ఇంటర్వ్యూలో దీన్ని ఎలా చెప్పాలి?

జవాబు:

ముందు చిన్న జవాబు చెప్పేస్తాను. 60 రెట్లు అని రాయకండి. మీ కాంపౌండ్ పనికిరాదని కాదు, ఆ పోలికే చెల్లదు. చిక్కు మీ 12లో లేదు, అకార్బోజ్ 720లో ఉంది.

అకార్బోజ్‌కి వందల మైక్రోమోలార్లలో ఐసీ50 వచ్చిందంటే ఆ ల్యాబ్ వాడింది దాదాపు కచ్చితంగా ఈస్ట్ ఎంజైమే, అంటే శాకరోమైసెస్ సెరివిసియే నుంచి తీసింది. రిపోర్టులో మెటీరియల్స్ రాసిన చోట చూడండి. ఆ ఎంజైమ్ చవక, సులువుగా కరుగుతుంది. పారానైట్రోఫినైల్ గ్లూకోసైడ్ వేస్తే పసుపు రంగు తేలుతుంది, 405 నానోమీటర్ల దగ్గర ప్లేట్ రీడర్లో చదివితే మధ్యాహ్నానికల్లా డేటా చేతికొస్తుంది. అందుకే ప్రపంచమంతా దాని మీద పడింది. కానీ అకార్బోజ్ పనిచేయాల్సింది మన చిన్నపేగు గోడకు అంటుకుని ఉండే ఎంజైముల మీద. ఎలుక పేగు ఎంజైముతో చూస్తే అదే అకార్బోజ్ ఐసీ50 ఒక్కసారిగా మైక్రోమోలార్ దాపుల్లోకి, సబ్‌స్ట్రేట్‌ని బట్టి అంతకన్నా కిందికి కూడా దిగుతుంది. ఈస్ట్ ఎంజైమ్ దగ్గర అకార్బోజ్‌ని ఓడించడమంటే కబడ్డీ ఆటగాణ్ని క్యారమ్‌బోర్డు ముందు కూర్చోబెట్టి గెలవడమే. ఇలాంటి "రెట్లు" ఉన్న పేపర్లు ఎన్నో ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. రివ్యూయర్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇప్పుడు పెరిగారు, అడుగుతారు.

పేరు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకొచ్చింది? ఇక్కడే మీకు ఎంజైమ్ నిర్మాణం పనికొస్తుంది, కాస్త నిదానంగా చెప్తాను.

చక్కెర గొలుసుల్ని తెంచే ఎంజైములను అమైనో ఆమ్లాల వరసను బట్టి గ్లైకోసైడ్ హైడ్రొలేజ్ కుటుంబాలుగా విడగొట్టారు. ఈస్ట్ ఆల్ఫా గ్లూకోసిడేజ్ 13వ కుటుంబానిది. మన పేగులో ఉండే మాల్టేజ్-గ్లూకోఅమైలేజ్, సుక్రేజ్-ఐసోమాల్టేజ్ రెండూ 31వ కుటుంబానివి. రెండు కుటుంబాల్లోనూ పని జరిగే డొమైన్ పీపా ఆకారంలోనే ఉంటుంది, లోపల ఎనిమిది బీటా పట్టీలు, చుట్టూ ఎనిమిది హెలిక్సులు. రసాయన చర్య కూడా ఒక్కటే. ఎంజైములోని ఒక ఆస్పార్టేట్ (ఒక అమైనో ఆమ్లం) వచ్చి చక్కెర వలయంలో మొదటి కార్బన్‌ని పట్టుకుంటుంది. అదే సమయానికి ఇంకో ఆమ్లం, తెగిపోతున్న ఆక్సిజన్‌కి ప్రోటాన్ అందిస్తుంది. దాంతో చక్కెర కాసేపు ఎంజైముకే ఎస్టర్‌గా అతుక్కుని ఉంటుంది. ఆ తర్వాత నీటి అణువు వచ్చి దాన్ని విడిపిస్తుంది. రెండుసార్లు తిరగబడుతుంది కాబట్టి ఆల్ఫా బంధం తెగి ఆల్ఫా గ్లూకోజే బయటికి వస్తుంది. కోష్‌లాండ్ అనే శాస్త్రవేత్త ఈ రెండడుగుల దారిని 1953లోనే చెప్పాడు. ఇలాంటి ఎంజైముల్లో ఆ రెండు కార్బాక్సిలిక్ ఆమ్లాల మధ్య దూరం సుమారు 5.5 ఆంగ్‌స్ట్రాములు ఉంటుంది. ప్రోటాన్ ఇచ్చేది 13వ కుటుంబంలో గ్లూటమేట్, 31వ కుటుంబంలో ఆస్పార్టేట్. ఇంత పోలిక ఉన్నా పీపా నోటి చుట్టూ ఉన్న లూపులు వేరు, వాటి మధ్య గుంట లోతు వేరు, ఆ గుంటలో రెండో చక్కెర, మూడో చక్కెర కూర్చునే చోట్లు వేరు. మందు పట్టు దొరకడం దొరక్కపోవడం అక్కడే తేలుతుంది.

ఇంకో మెలిక ఉంది. పేగులో ఉన్నది ఒక్క ఎంజైమ్ కాదు. ఆ రెండు ప్రోటీన్లలో ఒక్కోదానికి రెండేసి డొమైన్లు, మొత్తం నాలుగు యాక్టివ్ సైట్లు. మనిషి మాల్టేజ్-గ్లూకోఅమైలేజ్‌లో ఎన్-టెర్మినల్ (గొలుసులో మొదటి) సగానికి అకార్బోజ్ కేఐ (పట్టు ఎంత గట్టిదో చెప్పే అంకె, తక్కువైతే పట్టు ఎక్కువ) దాదాపు 60 మైక్రోమోలార్ అంటే చాలామందికి ఆశ్చర్యం. అదే ప్రోటీన్‌లో సీ-టెర్మినల్ సగాన్ని మాత్రం అకార్బోజ్ చాలా గట్టిగా పట్టుకుంటుంది. అకార్బోజ్‌తో కలిపి ఎన్-టెర్మినల్ సగం క్రిస్టల్ స్ట్రక్చర్ 2008లో వచ్చింది, ప్రోటీన్ డేటా బ్యాంకులో 2క్యూఎంజే అని కొట్టి ఒకసారి తెరిచి చూడండి. అకార్బోజ్‌లో నాలుగు వలయాలుంటే ఎంజైముతో అసలు మాట్లాడేది మొదటి రెండే. మిగతా రెండు గ్లూకోజులు దాదాపు ఊరికే బయట వేలాడుతుంటాయి.

ఆ మొదటి రెండు వలయాలకు అంత గొప్పేమిటి? మొదటిది వాలియెనమీన్, చూడ్డానికి చక్కెరలా ఉంటుంది కానీ వలయంలో ఆక్సిజన్ బదులు కార్బన్, పైగా ఒక డబుల్ బాండ్. రెండో వలయంతో కలిపేది ఆక్సిజన్ కాదు, నైట్రోజన్. నైట్రోజన్ కాబట్టి ఎంజైమ్ దాన్ని తెంచలేదు. డబుల్ బాండ్ వల్ల వలయం సగం చదునవుతుంది. గ్లూకోజ్ బంధం తెగే క్షణంలో కూడా మొదటి కార్బన్ మీద ధనావేశం పెరిగి వలయం అలాగే చదునవుతుంది. ఎంజైమ్ గట్టిగా పట్టుకునేది సబ్‌స్ట్రేట్‌ని కాదు, బంధం సగం తెగిన ఆ ట్రాన్సిషన్ స్టేట్‌నే అని లైనస్ పాలింగ్ 1940ల్లోనే అన్నాడు. కొన్ని గ్లైకోసిడేజులు చర్య వేగాన్ని 1 పక్కన 17 సున్నాలు పెట్టినన్ని రెట్లు పెంచుతాయి. అంత వేగం వచ్చేది ఆ పట్టు వల్లే. కాబట్టి ఆ స్థితిని పోలిన నికరమైన అణువు దొరికితే ఎంజైమ్ దాన్ని వదలదు. ఎంజైమ్ ఇన్‌హిబిటర్ (ఎంజైముని ఆపే అణువు) చేయాలనుకునే సింథటిక్ కెమిస్ట్ ముందు అడగాల్సింది "పాకెట్ ఎంత ఉంది, ఏ గ్రూపు దూరుస్తే నిండుతుంది" అని కాదు, "ఇక్కడ ఏ బంధం ఎలా తెగుతోంది" అని. మీ 14 కాంపౌండ్లలో ఏ ఒక్కటీ ఆ ప్రశ్నలోంచి పుట్టలేదు. తప్పు పట్టడం లేదు, క్లిక్ కెమిస్ట్రీ చేతిలో ఉంటే అందరం అదే చేస్తాం.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఈ వాలియెనమీన్ కుటుంబం మన రైతులకు కొత్త కాదు. వరికి పాముపొడ తెగులు వస్తే కొట్టే వ్యాలిడామైసిన్ ఈ జాతిదే. అది శిలీంధ్రంలో ట్రీహలేజ్ అనే ఎంజైముని ఆపుతుంది. డాక్టర్లు రాసే వోగ్లిబోజ్‌కి మూలమైన వాలియోలమీన్ కూడా ఈ అణువులకు దగ్గరి చుట్టమే. పొలంలో తెగులు మందుకీ, భోజనం ముందు వేసుకునే షుగర్ బిళ్లకీ వెనక ఉన్న ఆలోచన ఒక్కటే.

ఇప్పుడు మీ డేటాకి వద్దాం. మీరు రాసిన రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చదవండి. గ్రాఫ్ నాన్ కాంపిటిటివ్ అంటోంది. డాకింగ్ బొమ్మలో కాంపౌండ్ యాక్టివ్ సైట్‌లో కూర్చుని ఉంది. రెండూ ఒకేసారి నిజమయ్యే అవకాశం బాగా తక్కువ. యాక్టివ్ సైట్‌లో కూర్చుంటే సబ్‌స్ట్రేట్‌తో పోటీ పడాలి, సబ్‌స్ట్రేట్ పెంచితే ఇన్‌హిబిషన్ తగ్గాలి. నాన్ కాంపిటిటివ్ అన్నది నిజమైతే ఆ బొమ్మ తీసేయాలి. బొమ్మ నిజమైతే కైనెటిక్స్ మళ్లీ చేయాలి. పేపర్లలో ఈ రెండూ పక్కపక్కనే హాయిగా కాపురం చేస్తుంటాయి, ఎవరూ అడగరు. అన్నట్టు డాకింగ్ ఏ ప్రోటీన్ మీద చేశారో కూడా చూడండి. ఎక్కువమంది వాడేది 3ఏ4ఏ, అది ఈస్ట్ ఐసోమాల్టేజ్. అంటే టెస్టు చేసింది ఒక ఎంజైమ్ మీద, డాక్ చేసింది దాని చుట్టం మీద, డిస్కషన్‌లో రాసేది మనిషి పేగు గురించి.

డాకింగ్ బొమ్మ ఎంత మోసం చేయగలదో చెప్పడానికి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గరికే వెళ్లొచ్చు. అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం నుంచి వచ్చిన క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌కీ ఫోలిక్ యాసిడ్‌కీ తేడా చాలా చిన్నది. ఒక చోట ఆక్సిజన్ బదులు అమైనో గ్రూపు, ఇంకో చోట నైట్రోజన్ మీద ఒక మిథైల్. పక్కపక్కన గీస్తే ఎవరైనా ఏమనుకుంటారు? రెండూ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైములో ఒకేలా కూర్చుంటాయని. తీరా క్రిస్టల్ స్ట్రక్చర్లు చూస్తే, ఫోలేట్ కూర్చున్న తీరుతో పోలిస్తే మెథోట్రెక్సేట్ టెరిడిన్ వలయం 180 డిగ్రీలు తిరగబడి ఉంది. మైనస్ 9.8 అన్న అంకె మీద ఎంత బరువు పెట్టాలో ఇక మీరే తేల్చుకోండి. నా మటుకు నేను డాకింగ్‌ని తర్వాత ఏం చేయాలో ఆలోచించడానికి వాడతాను, చేసినదానికి సాక్ష్యంగా వాడను.

నాన్ కాంపిటిటివ్ అనగానే నాకు ముందు వచ్చే అనుమానం వేరే ఉంది. కాంపౌండ్ నీళ్లలో కరగక సన్నని గుంపులుగా చేరి, ఆ గుంపుల మీద ఎంజైమ్ అంటుకుపోయి పనిచేయడం మానేస్తుందేమో అని. కూమరిన్, ట్రయజోల్, బెంజైల్ అన్నీ చదునైన, నూనె స్వభావం ఉన్న ముక్కలు. పది మైక్రోమోలార్ల దగ్గర ఇవి గుంపులు కట్టడం మామూలే. దీన్ని తేల్చడం పూటలో అయ్యే పని. బఫర్‌లో 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ వేసి మళ్లీ ఐసీ50 తీయండి. 12 కాస్తా 100 దాటితే అది గుంపుల పని, మందు పని కాదు. డిటర్జెంట్ వేసినా కదలకపోతే మంచిదే. అప్పుడు ఎంజైమ్ మోతాదు పది రెట్లు పెంచి మళ్లీ చూడండి. మామూలు ఇన్‌హిబిటర్ అయితే ఐసీ50 పెద్దగా మారదు, గుంపులైతే బాగా పెరుగుతుంది. డోస్ కర్వ్ మామూలు కంటే నిటారుగా ఉన్నా అనుమానించాలి.

రెండో అనుమానం కాపర్. మీరు కాపర్ సల్ఫేట్, సోడియం ఆస్కార్బేట్ వాడి ఉంటారు. ట్రయజోల్ నైట్రోజన్లకి కాపర్ అంటే ఇష్టం, కాలమ్ వేసినా కొంత వెంట వస్తుంది. ఎన్ఎంఆర్‌లో అది కనబడదు, మహా అయితే పీక్‌లు కాస్త వెడల్పవుతాయి. మీ కాంపౌండ్ అణుభారం 400 అనుకుందాం. బరువులో 1 శాతం కాపర్ మిగిలి ఉంటే 12 మైక్రోమోలార్ కాంపౌండ్‌తో పాటు దాదాపు 0.75 మైక్రోమోలార్ కాపర్ కూడా ప్లేట్ బావిలోకి (వెల్) వెళ్లినట్టే. కాపర్ అయాన్లు ఎన్నో ఎంజైములను పాడుచేస్తాయి. ఒక వరస బావుల్లో కాపర్ సల్ఫేట్ ఒక్కటే వేసి చూడండి, ఇంకో వరసలో మీ కాంపౌండ్‌తో పాటు కాపర్‌ని పట్టేసే ఈడీటీఏ కాస్త వేయండి, ఈడీటీఏ ఒక్కటే వేసిన కంట్రోల్ కూడా పెట్టండి. ఈడీటీఏతో మీ కాంపౌండ్ బలం పడిపోతే సంగతి తేలిపోయినట్టే. వర్కప్‌లో ఈడీటీఏ నీళ్లతో కడిగి మళ్లీ కాలమ్ వేసి, వీలైతే లోహం ఎంత మిగిలిందో కొలిచే ఐసీపీఎంఎస్‌కి పంపండి. సిటీలో డబ్బులు తీసుకుని చేసే ల్యాబులు ఉన్నాయి, నాచారం, మల్లాపూర్ వైపు అడగండి.

రంగు సంగతి త్వరగా ముగిస్తాను. మీ కూమరిన్ల మీద అమైనో లేదా నైట్రో గ్రూపులుంటే అవి 405 దగ్గర కాంతిని మింగొచ్చు. ఎంజైమ్ లేకుండా కాంపౌండ్ బ్లాంక్ చదివి తీసేశారా అని ల్యాబ్ వాళ్లని అడగండి. అలాగే డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి ఉంచిన స్టాక్. అది 18 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి తీసినప్పుడల్లా కాంపౌండ్ కింద పేరుకోవచ్చు, వానాకాలంలో మూత తీసి ఉంచితే గాల్లో తేమ పీల్చుకుంటుంది కూడా. చిన్న చిన్న వయల్స్‌లో పంచుకోండి, వాడే ముందు పూర్తిగా కరిగిందో లేదో వెలుతురుకి పెట్టి చూడండి.

ఇవన్నీ దాటి కాంపౌండ్ నిలిస్తే అప్పుడు అసలు పరీక్ష. ఎలుక పేగు అసిటోన్ పౌడర్ సిగ్మా వాళ్లు అమ్ముతారు. ఐస్ మీద బఫర్‌లో నూరి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేలిన ద్రవం వాడతారు. సబ్‌స్ట్రేట్‌గా మాల్టోజ్ ఒకసారి, సుక్రోజ్ ఒకసారి పెట్టండి. వచ్చిన గ్లూకోజ్‌ని గ్లూకోజ్ ఆక్సిడేజ్-పెరాక్సిడేజ్ కిట్‌తో కొలవండి, చాలా డయాగ్నస్టిక్ సెంటర్లలో రక్తంలో షుగర్ చూడ్డానికి వాడే కిట్టే అది. రెండు జాగ్రత్తలు చెప్తాను, ప్రోటోకాల్ పేజీల్లో ఇవి సరిగా ఉండవు. ఎంజైమ్ చర్య జరిగే దశలో ట్రిస్ బఫర్ వాడకండి. ట్రిస్ తానే పేగు గ్లూకోసిడేజులకు ఇన్‌హిబిటర్, పాతకాలం పద్ధతుల్లో చర్యని ఆపడానికే దాన్ని వాడేవారు. ఫాస్ఫేట్ చాలు. రెండోది, మీ కాంపౌండ్ కిట్‌లోని ఎంజైముల్నే ఆపుతోందేమో చూడాలి. నేరుగా గ్లూకోజ్, దాంతో కాంపౌండ్ వేసి, రీడింగ్ తగ్గలేదని చూపిస్తే చాలు. అకార్బోజ్ కూడా అదే ప్లేట్లో, అదే రోజు పెట్టండి. మీ పేపర్లో పోల్చాల్సింది ఈ ప్లేట్లో అకార్బోజ్ అంకెతోనే.

ఇంకో మాట ఐసీ50 గురించి. అది కాంపౌండ్ గుణం ఒక్కదాని మీదే ఆధారపడే అంకె కాదు. కాంపిటిటివ్ ఇన్‌హిబిటర్ అయితే సబ్‌స్ట్రేట్ మోతాదు కేఎంతో (ఎంజైమ్ సగం వేగం అందుకునే సబ్‌స్ట్రేట్ మోతాదుతో) సమానంగా ఉన్నప్పుడు ఐసీ50 కేఐకి రెట్టింపు వస్తుంది, సబ్‌స్ట్రేట్ కేఎంకి పది రెట్లుంటే పదకొండు రెట్లు వస్తుంది. అందుకే "12 మైక్రోమోలార్" అని చెప్పి సబ్‌స్ట్రేట్ ఎంత వేశారో చెప్పకపోతే సగం మాటే చెప్పినట్టు. కేఎం మీరే అదే బఫర్‌లో కొలవండి, ఎవరో ఎక్కడో రాసింది ఎత్తి రాయకండి.

"షుగర్ మందు వైపు వెళ్తుందా" అని అడిగారు. ఇక్కడ మీ అణువుల తత్వమే అడ్డం వస్తుంది. అకార్బోజ్ నోట్లోంచి వెళ్లి పేగులోనే పనిచేసి పోతుంది, రక్తంలోకి చేరేది 2 శాతం కన్నా తక్కువ. అది లోపం కాదు, అక్కడ అదే వరం. ఈ 31వ కుటుంబానికే చెందిన ఎంజైములు మన ఒంట్లో ఇంకా ఉన్నాయి. లైసోజోముల్లో గ్లైకోజన్‌ని కరిగించేది ఒకటి, అది పుట్టుకతో లేకపోతే పాంపే జబ్బు వస్తుంది. కొత్తగా తయారైన ప్రోటీన్ల మీద చక్కెరల్ని కత్తిరించే గ్లూకోసిడేజ్-2 ఇంకొకటి. మీ కూమరిన్-ట్రయజోల్ లాంటి నూనె అణువు పేగు గోడ దాటి హాయిగా రక్తంలోకి వెళ్తుంది. నిజంగానే బలమైన ఇన్‌హిబిటర్ అయితే పేగు దగ్గర చేయాల్సిన పని ఒంటి నిండా చేస్తుంది. క్యాన్సర్ మందులు, వైరస్ మందులు చేసేవాళ్లు లోపలికి ఎలా వెళ్లాలా అని తిప్పలు పడతారు. మీరు లోపలికి వెళ్లకుండా చూసుకోవాలి. పేగులోనే పనిచేసినా ఇబ్బందులు ఉండనే ఉన్నాయి. విరగని చక్కెర పెద్దపేగుకి వెళ్లి అక్కడి బ్యాక్టీరియా పులియబెడితే గ్యాస్, కడుపు ఉబ్బరం. అకార్బోజ్ మానేసేవాళ్లలో చాలామంది చెప్పే కారణం అదే. ఇంట్లో ఎవరైనా దీంతో పాటు ఇన్సులిన్ వాడుతూ ఉంటే ఒకటి గుర్తుంచుకోండి, షుగర్ పడిపోయినప్పుడు పంచదార నీళ్లు ఆలస్యంగా పనిచేస్తాయి, ఎందుకంటే పంచదార విరగాల్సిన ఎంజైమే ఆగిపోయి ఉంది. గ్లూకోజ్ పొడే ఇవ్వాలి.

సరే, ఏం చేయాలి? మీ చేతిలో ఉన్న క్లిక్ పద్ధతిని పారేయనక్కర్లేదు. దాని తలని మార్చండి. ట్రాన్సిషన్ స్టేట్‌ని పోలిన ఒక చక్కెర ముక్క ముందు, మీ ట్రయజోల్ తోక వెనక. దీనికి నేను చెప్పేది 1-డీఆక్సీనొజిరిమైసిన్. గ్లూకోజ్ వలయంలో ఆక్సిజన్ బదులు నైట్రోజన్ ఉంటుంది. ఎంజైమ్ లోపల ఆ నైట్రోజన్ ప్రోటాన్ పట్టుకుని ధనావేశంతో కూర్చుంటుంది, తెగే క్షణంలో గ్లూకోజ్ ఉన్నట్టుగా. పట్టుపురుగులు తినే మల్బరీ ఆకులో ఇది సహజంగానే ఉంది. నైట్రోజన్ మీద హైడ్రాక్సీఎథైల్ పెడితే అదే మిగ్లిటాల్ అనే మందు. అంటే నైట్రోజన్ మీద తోక తగిలిస్తే ఎంజైమ్ ఒప్పుకుంటుందని ముందే తెలుసు.

కొనగలిగితే కొనండి, లేదంటే దారి కష్టమేం కాదు. టెట్రాబెంజైల్ గ్లూకోజ్‌ని రిడ్యూస్ చేస్తే డయాల్, దాన్ని స్వెర్న్‌తో ఆక్సిడైజ్ చేస్తే 1,5-డైకార్బోనిల్. ఇది నిలవ ఉండదు, అదే రోజు అమ్మోనియం ఫార్మేట్, సోడియం సయనోబోరోహైడ్రైడ్‌తో డబుల్ రిడక్టివ్ అమినేషన్‌కి (రెండు కార్బోనిళ్లనీ ఒకే నైట్రోజన్‌తో కలిపే చర్యకి) వెళ్లిపోండి. వలయం మూసుకుంటుంది. గ్లూకో ఐసోమర్ ఎక్కువ, ఎల్-ఐడో ఐసోమర్ కొంచెం వస్తుంది, కాలమ్‌లో ఓపిగ్గా విడదీయాలి. ఈ ఐసోమర్‌ని వదిలేస్తే మీ బయాలజీ డేటా అంతా అనుమానమే.

ఇక్కడ వరస జాగ్రత్త. బెంజైళ్లు ఉండగానే కూమరిన్ తగిలించి, చివర్లో పల్లాడియం కార్బన్, హైడ్రోజన్ పెడదామనిపిస్తుంది. ట్రయజోల్ తట్టుకుంటుంది కానీ కూమరిన్ లాక్టోన్ వలయంలోని డబుల్ బాండ్ తట్టుకుంటుందని నమ్మకం లేదు, అది కూడా రిడ్యూస్ కావచ్చు. కాబట్టి బెంజైళ్లు ముందే తీసేయండి. తర్వాత నైట్రోజన్ మీద ప్రొపార్జైల్, ఆ తర్వాత నీళ్లు-టెర్షరీ బ్యుటనాల్‌లో మీ కూమరిన్ అజైడ్‌తో క్లిక్. చివరి మెట్టులో కాపర్ వాడుతున్నారు, పైగా అమీన్, నాలుగు హైడ్రాక్సిళ్లు, ట్రయజోల్ అన్నీ కలిసి కాపర్‌ని కౌగలించుకుంటాయి. కాబట్టి ఇందాక చెప్పిన కాపర్ గోల ఇక్కడ రెట్టింపు. కాపర్ పట్టే రెజిన్‌లో నడపండి. సిలికా మీద ఈ అణువులు కదలవు. ఆమ్ల రూపంలోని డోవెక్స్ అయాన్ రెజిన్ మీద ఎక్కించి నీళ్లతో కడిగి, పలచని అమ్మోనియాతో దించుకోండి. ఎన్ఎంఆర్‌లో పీక్‌లు వింతగా కనిపిస్తే కంగారు పడకండి, సగం లవణం, సగం ఫ్రీ బేస్ అయి ఉంటుంది. డ్యుటీరియం నీళ్లలో పీహెచ్ సరిచేసి మళ్లీ ఇవ్వండి.

తోకలు 14 అక్కర్లేదు. కూమరిన్ ఉన్నది ఒకటి, ఉత్త ఫినైల్ ఒకటి, నీళ్లలో బాగా కరిగే కార్బాక్సిలేట్ తోక ఒకటి, తోకే లేని డీఆక్సీనొజిరిమైసిన్ కంట్రోల్‌గా. వీటితో పాటు మీ పాత 12 మైక్రోమోలార్ కాంపౌండ్. ఈ అయిదింటిని ఈస్ట్ ఎంజైమ్ మీద, ఎలుక మాల్టేజ్ మీద, ఎలుక సుక్రేజ్ మీద అకార్బోజ్‌తో పాటు పెడితే వచ్చే పట్టిక చిన్నదే, కానీ 14 కాంపౌండ్ల పట్టిక చెప్పనిది చెప్తుంది. తోక వల్ల పేగు ఎంజైమ్ మీద పట్టు పెరిగిందా, ఈస్ట్ మీద మాత్రమే పెరిగిందా అన్నది తేలిపోతుంది. కార్బాక్సిలేట్ తోక బాగా పనిచేస్తే, రక్తంలోకి వెళ్లకుండా పేగులోనే ఆపే దారి కూడా దొరికినట్టే.

గైడ్ సార్‌కి ఎలా చెప్పాలో నాకంటే మీకే బాగా తెలుసు. "సార్, రివ్యూయర్ ఈస్ట్ ఎంజైమ్ గురించి అడుగుతాడు, ముందే ఎలుక డేటా పెడదాం" అంటే ఎవరూ కాదనరు. పాత డేటాతో పేపర్ ఇప్పుడే పంపాల్సి వస్తే "ఈస్ట్ ఆల్ఫా గ్లూకోసిడేజ్ మీద" అన్న మాట టైటిల్లోనే పెట్టండి, రెట్లు తీసేయండి, డాకింగ్ బొమ్మని సప్లిమెంటరీకి నెట్టండి.

ఇంటర్వ్యూ గురించి. జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో మెడిసినల్ కెమిస్ట్రీ ప్యానెల్లో కనీసం ఒకరు బయాలజీ వైపు నుంచి ఉంటారు. మీరు 60 రెట్లు అనగానే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ ఎంజైమ్?" రెండోది "సబ్‌స్ట్రేట్ ఎంత, కేఎం ఎంత?" మూడోది "ట్రైటాన్ వేసి చూశారా?" ఈ మూడింటికీ జవాబున్న వాళ్లు అరుదు. ట్రైటాన్ వేస్తే మీ 12 మైక్రోమోలార్ కాంపౌండ్ పోయిందనుకోండి, అది కూడా చెప్పండి. పోయిందని ఎలా కనిపెట్టారో, ఆ తర్వాత డీఆక్సీనొజిరిమైసిన్ వైపు ఎందుకు తిరిగారో బోర్డు మీద ఆ రెండు ఆస్పార్టేట్లు గీసి చెప్పగలిగితే ప్యానెల్ మిమ్మల్ని ఆ తర్వాత అడిగేది ఎప్పుడు చేరగలరు అనే.